రెండో పటం

ప్రతి ఉదయం అత్తగారిని తూకం వేయడం ఆ ఇంట్లో కోడలి పని. అత్తగారు బాత్రూముకి వెళ్ళొచ్చాక, ఇంకా టీ చుక్క గొంతు దిగకముందు, గదిలో ఎత్తుపల్లాలు లేని ఒకే ఒక్క బండ మీద బరువు చూసే యంత్రం పెడుతుంది. అత్తగారి మోచేయి పట్టుకుని ఎక్కించి, ముల్లు ఆగేదాకా వంగి చూసి, గోడ మీది కేలండర్లో తేదీ పక్కన అంకె రాస్తుంది. "గుమ్మడికాయ అమ్మేవాడు కూడా ఇంత శ్రద్ధగా తూచడే అమ్మాయ్," అంటుంది అత్తగారు. రోజూ అదే మాట. రోజూ కోడలు నవ్వుతుంది. గుండె నీరసించిన మనిషికి ఒంట్లో నీరు చేరుతుంది. ఆ సంగతి కాళ్ళకంటే ముందు ముల్లుకి తెలుస్తుంది.

తూకం అయ్యాక మాత్ర. గుండె డాక్టరమ్మ కొత్తగా రాసిన ఆ మాత్ర ఆవగింజకి అన్నలా ఉంటుంది. దాన్ని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి, పావు ముక్క పొద్దున, పావు ముక్క సాయంత్రం ఇవ్వాలి. రెండు వారాలకోసారి మోతాదు పెంచుకుంటూ పోవాలి.

"కుంటి గుర్రానికి కాళ్ళు కట్టేసినట్టుంది ఈ వైద్యం," అన్నాడు భర్త, పేపరు దించకుండానే. "అమ్మ గుండె సరిగ్గా కొట్టుకోవట్లేదురా బాబూ అని వెళ్తే, దాన్ని ఇంకా నెమ్మది చేసే మందిస్తారా ఎవరైనా? ఏమంటావు, సైంటిస్టమ్మా?"

సైంటిస్టమ్మ అంటే ఆమే. పాలు పొంగిపోయినా, ఫ్యూజు పోయినా, హాస్టల్లో ఉన్న కూతురు లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నా ఆ ఇంట్లో ఆ పేరు బయటికొచ్చేది. అతనికి అందులో ద్వేషమేమీ లేదు. ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషి, సరదా మనిషి, నలుగురిలో నవ్వించే మనిషి. ఊళ్ళో ఎంతమందికి చదువుకునే గదులు గీసిచ్చాడో లెక్కలేదు. సొంత ఇంట్లో ఆమె బల్ల మాత్రం పెళ్ళయిన మూడో ఏడే ఇస్త్రీ బల్ల అయింది. ఎవరూ పట్టుబట్టి చేసింది కాదు. ఒకరోజు దాని మీద ఒక చొక్కా పడింది, మర్నాడు నాలుగు పడ్డాయి, అంతే.

అతని ప్రశ్నకి జవాబు ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసినంత బాగా తెలుసు. కానీ అతను అడిగింది జవాబు కోసం కాదు గనక ఆమె బ్లేడు తుడిచి లోపల పెట్టింది.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె గుండెల మీదే పని చేసేది. వైద్య కళాశాల వెనక మూడు గదుల లాబు. ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోనొస్తే ఐసు ఫ్లాస్కు చంకన పెట్టుకుని మూడంతస్తులు పరిగెత్తుకు దిగేది. గుండె మార్పిడిలో తీసేసిన పాడైన గుండె నుంచి వేలి గోరంత కండ ముక్క తెచ్చి, గోరువెచ్చటి ఉప్పునీటి గొట్టంలో కొక్కేనికి వేలాడదీసి, రెండో కొసకి దారం కట్టి, దారాన్ని కలానికి తగిలించేది. ముక్క ముడుచుకున్నప్పుడల్లా కలం కాగితం మీద ఒక గీత గీసేది. అప్పుడు నీళ్ళలో ఒక్క చుక్క అడ్రినలిన్ వేయాలి. బాగున్న గుండె ముక్కయితే కలం ఎగిరి కాగితం అంచు అందుకునేది. పాడైన గుండె ముక్కయితే నిద్రలో పిలిచిన పిల్లలా కాస్త మూలిగి మళ్ళీ పడుకునేది. ఇంకో చుక్క వేసినా అంతే, పది వేసినా అంతే. ఆ ముక్కల్లో అడ్రినలిన్‌ని అందుకునే గ్రాహకాలు సగానికి సగం తగ్గిపోయి ఉండేవి. మిగిలినవి ఉన్నా పలికేవి కావు. బలహీనపడిన గుండెని పరిగెత్తించడానికి ఒళ్ళు నెలల తరబడి అడ్రినలిన్ కుమ్మరిస్తూనే ఉంటుంది. ఆ కొరడా దెబ్బలకి ఓర్చుకోలేక గుండె తన గ్రాహకాల్ని లోపలికి లాగేసుకుంటుంది. ఆ సంగతి అప్పటికే పెద్దవాళ్ళు తేల్చారు. ఆమె తేల్చాల్సింది దాని తరవాతి మాట: ఆ పిలుపుల్ని మందుతో కొన్నాళ్ళు అడ్డుకుంటే, గ్రాహకాలు మళ్ళీ పైకొస్తాయా? గుండె మళ్ళీ పలుకుతుందా?

మందు వాడినవాళ్ళ ముక్కలు రెండంటే రెండు దొరికేసరికి ఆమెకి నెలలు నిండాయి. పాప పుట్టాక, "మళ్ళీ ఎప్పుడు రావాలో నేనే కబురు చేస్తాను," అన్నారు లాబు నడిపే సారు. ఆమె ఎదురుచూసింది. హాల్లో ఫోను మోగితే చంటిపిల్ల నోట్లోంచి రొమ్ము తీసి లేచి నిలబడేది. పాలవాడు, మేనత్త, రాంగ్ నంబరు. మూడు నెలలు చూసింది, ఆరు నెలలు చూసింది. తనే ఫోను చేసి అడగచ్చు. కానీ అవసరమైతే పిలవరా అన్న అభిమానం అడ్డొచ్చింది. తరవాత ఎప్పుడో ఫోనులో వెతికితే ఆ పరిశోధన పత్రం దొరికింది. మూడు పటాలు. మందు వాడని గుండెల రెండో పటం మొత్తం ఆమె గీయించిన గీతలే. మూడోది, గుండె మళ్ళీ పలికినది, గోరంత తెర మీద గోరంతగా కనిపించింది. చివర చిన్న అక్షరాల్లో సాంకేతిక సహాయం చేసినందుకు ఆమెకి కృతజ్ఞతలు. పేరులో ఒక అక్షరం తప్పు.

ఆమె బెంగ బిరుదుల మీద కాదు, పేరు మీద కూడా కాదు. కండ ముక్కని గొట్టంలో వేలాడదీశాక అది కుదురుకోవడానికి గంట పడుతుంది. ఆ గంటసేపు దాన్ని ముట్టుకోకూడదు, కదపకూడదు, ఎత్తు స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండాలి. బుడగల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ గంటలో ఎవరూ ఆమెని ఏమీ అడగడానికి లేదు. ఆ గంట మీద బెంగ. కుక్కరు ముందు నిలబడ్డప్పుడు, కూతురి స్కూలు గేటు ముందు నిలబడ్డప్పుడు, ఇప్పుడు అత్తగారి తూకం ముల్లు ముందు వంగినప్పుడు, ఆ గంట ఎక్కడో తనకోసం ఇంకా కూర్చునే ఉందనిపించేది.

పదో రోజుకి, మూడు రోజుల్లోనే, ముల్లు పావు తక్కువ రెండు కిలోలు ముందుకి జరిగింది. అత్తగారి పిక్క మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. బాత్రూము దాకా నడిచి వచ్చి మంచం మీద కూలబడి, మాట మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంది.

"చెప్పానా?" అన్నాడు భర్త. ఈసారి నవ్వు లేదు, భయం ఉంది. "ఆ మాత్ర ఆపేయ్."

"ఆపకూడదండీ."

"ఏంటి?"

"మొదట్లో కొందరికి ఇలాగే నీరు చేరుతుంది. ఒంట్లో నీరు లాగేసే నీటి మాత్ర పెంచాలి గానీ దీన్ని ఉన్నపళంగా ఆపితే ప్రమాదం. డాక్టర్ని అడిగి..."

"నువ్వు డాక్టరువా? సగంలో వదిలేసిన చదువు పట్టుకుని మా అమ్మ మీద ప్రయోగాలు చేస్తావా? రేపు జరగరానిది జరిగితే ఎవరిది పూచీ? నీదేనా?"

ఆ ప్రశ్న ఆమె గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే అది తప్పు ప్రశ్న కాదు. ఆమె చూసింది గొట్టంలో వేలాడే ముక్కల్నే గానీ మంచం మీద రొప్పే మనిషిని కాదు. అతను మాత్రల అట్ట తీసి చొక్కా జేబులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఇద్దరు ముగ్గురు చేతులు మారాక డాక్టరమ్మ పలికింది. కోడలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది: మూడు రోజుల్లో ఎంత బరువు పెరిగింది, నాడి ఎంత, రక్తపోటు ఎంత, వాపు ఎక్కడి దాకా వచ్చింది, ఎన్ని అడుగులకి ఆయాసం, కళ్ళు తిరగడం లేదన్న సంగతి.

"బాగా చెప్పారు," అంది డాక్టరమ్మ. "ఆ మందు ఆపకండి, పెంచకండి. నీటి మాత్ర మూడు రోజులు రెండేసి ఇవ్వండి. నాలుగో రోజు తీసుకురండి. ఈలోగా పడుకున్నా ఊపిరాడకపోతే ఆలోచించకుండా వచ్చేయండి. మీరు నర్సా?"

"కాదండీ."

"మరేం చేస్తుంటారు?"

"ఏం చేయనండీ. ఇంట్లోనే ఉంటాను."

ఫోను పెట్టేశాక ఆ మాట ఆమె చెవిలోనే ఉండిపోయింది. మొగుడో ఆడపడుచో అన్న మాటయితే ఎదురు తిరగచ్చు, ఏడవచ్చు, మరిచిపోవచ్చు. తన నోట్లోంచి అంత తడుముకోకుండా వచ్చిన మాటని ఏం చేస్తాం?

"ఏం చేయనిదానివా నువ్వు?" గదిలోంచి అత్తగారి గొంతు. "పొద్దున్నుంచీ నన్ను మోస్తున్నదెవరు మరి, మీ నాన్నా?"

ఆమె వెళ్ళి వెనక ఇంకో దిండు పెట్టింది. అత్తగారు చెయ్యి పట్టుకుంది. "కూర్చో. ఆ మందు లోపల ఏం చేస్తుందో చెప్పు. వాడికి చెప్పినట్టు కాదు, నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

పద్దెనిమిదేళ్ళలో ఆ ఇంట్లో ఆమె పని గురించి ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆమె కాసేపు దుప్పటి అంచు సరిచేసింది. తరవాత చెప్పింది. గుండె కణాల మీద చెవుల్లాంటివి ఉంటాయనీ, ఒంటికి అవసరమైనప్పుడు అడ్రినలిన్ వచ్చి వాటిలో గట్టిగా పిలుస్తుందనీ, గుండె బలహీనమయ్యాక ఆ పిలుపు ఇక ఆగకుండా సాగుతుందనీ.

అత్తగారు ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. వింటూ వింటూ కళ్ళు చిన్నవి చేసింది. "అంటే వరదలొచ్చినప్పుడు మా బోర్డులా అన్నమాట. అన్ని దీపాలూ ఒకేసారి వెలిగేవి. అందరూ అరిచేవాళ్ళే. కొంతసేపు ఉరుకులు పరుగుల మీద కలిపేవాళ్ళం. తరవాత ఒక్కొక్కతీ హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసేది. వాళ్ళు అరుస్తూనే ఉండేవాళ్ళు, మాకు వినబడేది కాదు."

"అంతే అత్తయ్యా. అచ్చం అంతే."

"మరి ఈ మాత్ర?"

"అరుపులు లోపలికి రానివ్వదు. గుండెకి కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది. నెలలు గడిచాక చెవులు మళ్ళీ పైకొస్తాయి. ముందు కొన్నాళ్ళు మాత్రం నీరసంగానే ఉంటుంది."

"నీకు ఖాయంగా తెలుసా?"

"చాలామందికి జరుగుతుంది. మీకు జరుగుతుందో లేదో నాకు తెలీదు."

సాయంత్రం కొడుకు రాగానే అత్తగారు చెయ్యి చాపింది. "జేబులోది ఇటివ్వు."

"అమ్మా, నీకు తెలీదు..."

"నాకు తెలీదు, నీకూ తెలీదు. తెలిసినదాన్ని అడిగాను. గుండె నాది. ఇవ్వు."

మూడు రోజుల్లో ముల్లు వెనక్కి వచ్చింది. పావు ముక్క సగమైంది, సగం ఒకటైంది. అత్తగారు గది నుంచి హాల్లోకి, హాల్లోంచి గేటుకి, గేటు నుంచి వీధి చివర మందుల షాపు దాకా వచ్చింది. ఉప్పు లేని సూపుని మాత్రం జీవితాంతం తిడతానని ఒట్టు పెట్టుకుంది. ఏడో నెలలో మళ్ళీ గుండె స్కానింగు చేశారు. మొదట్లో కొట్టుకున్నప్పుడల్లా తనలోని రక్తంలో ఇరవై ఎనిమిది శాతమే బయటికి నెట్టిన గుండె ఇప్పుడు నలభై ఒకటి నెడుతోంది.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా డాక్టర్, మందు మానకూడదని," అన్నాడు భర్త.

అత్తగారు కొడుకు వంక ఒకసారి చూసి, డాక్టరమ్మతో, "నాకు ధైర్యం చెప్పింది ఇది," అంది కోడలి భుజం తట్టి. "చెవుల సంగతి, లోపలికి పోయిన సంగతి, అన్నీ."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. రెండు ప్రశ్నలు వేసింది. ఆమె జవాబు చెప్పింది. ఇంకో ప్రశ్న వేసింది, దానికీ చెప్పింది. తన గొంతు తనకే కొత్తగా, చాలాకాలం బీరువాలో ఉన్న బట్టలా వినిపించింది. డాక్టరమ్మ ఆ పాత పరిశోధన పత్రం సంగతి ఎత్తి, చదువుకునే రోజుల్లో దాని మీద సెమినార్ ఇచ్చానంది.

"అందులో రెండో పటం నాదండీ," అంది ఆమె.

"నువ్వు బొమ్మలు కూడా వేసేదానివా?" అన్నాడు భర్త, నిజంగానే ఆశ్చర్యపోయి. ఎవరూ నవ్వలేదు.

"మరి ఎందుకు వదిలేశారు?" అంది డాక్టరమ్మ.

"పాప పుట్టింది. తరవాత వాళ్ళు మళ్ళీ పిలవలేదు."

భర్త వాళ్ళిద్దర్నీ ఇంటి గేటు దగ్గర దింపి పనికి వెళ్ళాడు. ఆమె టీ తెచ్చి ఇచ్చింది. అత్తగారు కప్పు అందుకుని కింద పెట్టేసింది.

"వాళ్ళు పిలిచారే."

"ఎవరు?"

"మీ సారు. పాపకి తొమ్మిదో నెల. నువ్వు మేడ మీద బట్టలు ఆరేస్తున్నావు. సగం పూట వచ్చినా చాలు, చోటు ఖాళీగా ఉంచాను, శుక్రవారంలోగా చెప్పమనండి అన్నాడు. ఆమె ఇక రాదండీ, ఇష్టం లేదంది అని చెప్పాను." అత్తగారు కళ్ళు ఎత్తలేదు. "సర్వీసంతా ఒక్క కాల్ తెంపలేదు నేను. ఇంటికొచ్చాక తెంపాను."

చంటిపిల్లతో హాల్లో నిలబడ్డ అప్పటి తను ఆమె కళ్ళ ముందుకొచ్చింది. ఎవరికీ అక్కర్లేనిదాన్ని అనుకుని పద్దెనిమిదేళ్ళు బతికిన అమ్మాయి. ఆమెకి పిలుపు వచ్చింది. వచ్చి, గుమ్మంలోంచే వెళ్ళిపోయింది.

"ఎందుకత్తయ్యా?"

"నువ్వెళ్తే పిల్లని ఎత్తుకోవాల్సింది నేనే కదా. నేను రిటైరై అప్పటికి నాలుగు నెలలు. రాత్రి షిఫ్టులు చేసి, పగలు వండిపెట్టి, ఇద్దర్ని పెంచాను. నాకు కూర్చోవాలనిపించిందే. ఎవరికీ జవాబు చెప్పకుండా ఊరికే కూర్చోవాలనిపించింది."

ఆ కోరిక ఆమెకి ఎంత బాగా తెలుసో. అందుకే కోపం ఇంకా పెరిగింది. "మీ అబ్బాయి ఎత్తుకోవచ్చుగా?"

అత్తగారు తల ఎత్తింది. "ఆ మాట నాకు తట్టనే లేదు. నీకు తట్టిందా?"

ఆమెకీ తట్టలేదు. అన్ని నెలలు ఫోను వంక చూసిందే గానీ, ఆదివారం పేపరు చదువుతున్న మనిషి వంక చూసి, నువ్వు ఎత్తుకో అనాలని ఒక్కసారి కూడా తట్టలేదు. ఇద్దరాడవాళ్ళు ఒకే కుర్చీ కోసం పోట్లాడుకున్నారు. మూడో మనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు.

రెండు రోజులు ఆమె అత్తగారితో అవసరమైన మాటే మాట్లాడింది. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి లాబుకి వెళ్ళింది. సారు లేరు, పోయి చాలా ఏళ్ళయిందట. ఒకప్పుడు ఆమె దగ్గర గొట్టాలు కడగడం నేర్చుకున్న పిల్ల ఇప్పుడక్కడ పెద్ద. "అక్కా!" అని కావిలించుకుని, వెంటనే తల దించుకుంది. "మీ పేరు పెట్టాలని అన్నానక్కా. మీరే రానన్నారని సారుకి కోపం."

"మూడో పటం కాగితం ఉందా?"

అటక మీది అట్టపెట్టెలోంచి తీసింది. ఆమె కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి విప్పింది. చుక్క వేసిన చోట గీత లేచింది. బాగున్న గుండె అంత ఎత్తుకి కాదు. సగానికి పైన, ముప్పావుకి కింద. కానీ లేచింది. ఆమె ఆ గీత మీద వేలు పెట్టి, ఎక్కే చోట ఎక్కి, దిగే చోట దిగింది. ఇది నా కళ్ళ ముందు జరగాల్సింది, అనుకుంది. ఎవరి మీదా కాక, ఊరికే ఏడుపొచ్చింది.

ఇప్పుడున్న ఖాళీ ఒక్కటే. ఏడాది పాటు, వారానికి మూడు రోజులు, అన్నిటికంటే కింది మెట్టు. "మీకిది చిన్నతనమక్కా," అంది ఆ పిల్ల.

"చిన్న ఉద్యోగం. చిన్నతనమేముంది?" అంది ఆమె. దరఖాస్తు అక్కడే నింపింది.

భర్త విని నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. "ఈ వయసులోనా? సరే, సరదాగా ఉంటే వెళ్ళు. అమ్మ పనులు చూసుకుని వెళ్ళు."

"ఆ మూడు రోజులూ అమ్మ పనులు మీరు చూసుకోవాలి. మందులు, వంట, నడక."

"నేనా? నాకేం తెలుసు? నా ఆఫీసు..."

"నేర్పిస్తాను. మీ ఆఫీసు బల్ల ఇక్కడికి తెచ్చుకోండి. ఇస్త్రీ బట్టలు తీసేస్తే చోటుంది."

అతను తల్లి వంక చూశాడు, ఎప్పట్లాగే ఒక మాట సాయం వస్తుందని. అత్తగారు గోడ వంక చూస్తూ, "నన్నడక్కు. అది అడిగింది నిన్ను," అంది.

అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు. తరవాత, "ఆ మాత్ర ఎన్ని ముక్కలు చేయాలి?" అన్నాడు.

మొదటి రోజు పొద్దున ఆమె సంచి తగిలించుకుని హాల్లోకి వచ్చేసరికి అత్తగారు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. స్నానం చేసి తల దువ్వుకుంది, ఎవరో చుట్టాలొస్తున్నట్టు. వంటింట్లో గిన్నె కింద పడింది, భర్త ఏదో గొణిగాడు. ఆమె కాళ్ళు అలవాటుగా అటు తిరిగి, ఆగాయి.

"అమ్మాయ్," అంది అత్తగారు. "నా మీద కోపం పోయిందా?"

ఆమె ఆ ముఖంలోకి చూసింది. పోయిందని చెప్తే ముసలి ప్రాణం సుఖపడుతుంది. ఇన్నేళ్ళూ అలాంటి మాటలు ఎన్నో చెప్పింది.

"లేదత్తయ్యా. పోయినప్పుడు చెప్తాను," అని చెప్పులు వేసుకుని, బస్సు కోసం వీధిలోకి దిగింది.